దుఃఖంలో క్రైస్తవ ఆదరణ

ఆత్మీయులను పోగొట్టుకున్నవారికి క్రైస్తవ విశ్వాసం అందించే ఓదార్పును తెలుగు సంఘాలు ‘ఆదరణ’ అంటాయి. వాక్యం, ప్రార్థన, పాట, సమాధి దగ్గర చెప్పే మాటలు, ఆ తర్వాత జరిగే కూడికలు, పొయ్యి వెలగని ఇంటికి పక్కింటివారు తెచ్చిపెట్టే అన్నం గిన్నె, అన్నీ ఈ మాటలోకే వస్తాయి. మృతుల పునరుత్థానం మీద నమ్మకం దీనికి పునాది. అయితే ఆ నమ్మకం ఉన్నవారు ఏడవకూడదన్న అభిప్రాయం సంఘాల్లో గట్టిగా పాతుకుపోయింది. బైబిలుగానీ, రెండు వేల ఏళ్ళ క్రైస్తవ చరిత్రగానీ ఆ అభిప్రాయాన్ని సమర్థించవు.

మాట, దాని మూలం

మామూలు తెలుగులో ఆదరణ అంటే ప్రేమగా, గౌరవంగా చూడడం. ఇంటికొచ్చిన చుట్టానికి ఆదరణ ఉంటుంది, మంచి నాటకానికి ప్రజాదరణ ఉంటుంది. బైబిలు అనువాదం ఈ మాటను దుఃఖంలో ఉన్నవారి దగ్గరికి తీసుకెళ్ళింది. యోహాను సువార్తలో, తాను వెళ్ళిపోయాక శిష్యులతో ఉండబోయే పరిశుద్ధాత్మ గురించి యేసు చెప్పిన చోట తెలుగు బైబిలు వాడిన పేరు ‘ఆదరణకర్త’. గ్రీకులో ఆ మాట ‘పరాక్లేటోస్’. సాయానికి పక్కకు పిలిపించుకున్నవాడు అని దానికి అర్థం. న్యాయసభలో మన తరఫున నిలబడి మాట్లాడేవాడిని కూడా అలాగే పిలిచేవారు.

కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదట్లో, 1వ అధ్యాయం 3 నుంచి 7 వరకు ఉన్న అయిదు వచనాల్లో, పౌలు ఈ ధాతువు నుంచి పుట్టిన మాటలను పది సార్లు వాడాడు. తన శ్రమల్లో తనకు దొరికిన ఆదరణతోనే ఇతరులను ఆదరించగలుగుతున్నానన్నది అక్కడ అతని వాదం. అంటే ఆదరణ చేతులు మారుతూ వస్తుంది. దెబ్బ తిన్నవాడి దగ్గర నుంచి దెబ్బ తిన్నవాడికి చేరుతుంది. పిల్లను పోగొట్టుకున్న తల్లి దగ్గరికి సంఘంలో అందరికన్నా ముందు, మునుపు పిల్లను పోగొట్టుకున్న మరో తల్లే వెళ్ళి కూర్చోవడం తెలుగు ఊళ్ళలో ఇప్పటికీ కనిపించే సంగతి.

బైబిల్లో ఏడుపు

కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలున్నాయి. వాటిలో సుమారు మూడోవంతు విలాపాలని పండితుల లెక్క. దేవుడు ఆలస్యం చేస్తున్నాడని, ముఖం తిప్పుకున్నాడని, శత్రువులు నవ్వుతున్నారని సూటిగా ఆయనతోనే చెప్పుకునే ప్రార్థనలివి. చాలా విలాపాలు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి. 88వ కీర్తన మాత్రం తిరగదు. మొదలైన చీకట్లోనే ముగుస్తుంది. దాన్ని తీసేయకుండా, చివర ఒక ఊరట మాట అతికించకుండా ప్రార్థనల పుస్తకంలోనే ఉంచడం ప్రాచీన ఇశ్రాయేలు తీసుకున్న పెద్ద నిర్ణయం. ఏ ఊరటా దొరకని రాత్రి కూడా ప్రార్థనే అవుతుందని దాని అర్థం.

విలాపవాక్యముల గ్రంథానిది మరో తీరు. క్రీస్తు పూర్వం 6వ శతాబ్దిలో బబులోను సైన్యం యెరూషలేమును కూల్చిన తర్వాతి కన్నీళ్ళు అందులో ఉన్నాయి. అయిదు అధ్యాయాల్లో మొదటి నాలుగూ హీబ్రూ అక్షరమాల క్రమంలో నడుస్తాయి. 22 అక్షరాలకు 22 వచనాలు. నడిమిదైన మూడో అధ్యాయంలో ఒక్కో అక్షరానికి మూడేసి చొప్పున 66. మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఏడవడమంటే దుఃఖాన్ని పూర్తిగా, మినహాయింపు లేకుండా చెప్పుకోవడం. అదే సమయంలో అక్షరమాలకు ఒక చివర ఉంటుంది. అడ్డూ ఆపూ లేని శోకానికి పట్టుకోవడానికి ఒక గట్టు దొరుకుతుంది. అయిదో అధ్యాయంలో కూడా 22 వచనాలున్నాయిగానీ అక్షర క్రమం లేదు. శోకం చివరికి ఆ గట్టునూ దాటిందనిపిస్తుంది.

రూతు గ్రంథంలో నయోమి భర్తనూ ఇద్దరు కొడుకులనూ మోయాబులో పాతిపెట్టి బేత్లెహేముకు తిరిగొస్తుంది. ఊరి ఆడవాళ్ళు గుర్తుపట్టి పలకరిస్తే, తనను నయోమి అనవద్దనీ ‘చేదు’ అని అర్థం వచ్చే మారా అన్న పేరుతో పిలవమనీ అంటుంది. దేవుడే తనను ఇలా చేశాడని బాహాటంగా చెబుతుంది. ఆమెను ఎవరూ గద్దించరు. కథ చివర ఆమె ఒళ్ళో చేరిన మనవడికి పేరు పెట్టేదీ ఆ ఆడవాళ్ళే.

యోబు కథ తెలుగు క్రైస్తవులకు బాగా తెలిసిందే. పదిమంది పిల్లలు ఒక్క రోజులో పోయారు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాటా అనకుండా అతనితోపాటు నేల మీద కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. తర్వాత నోరు విప్పి, పాపం చేసి ఉంటావు కాబట్టే ఇంత జరిగిందని వరసగా ఉపదేశాలు చేశారు. 42వ అధ్యాయంలో దేవుడు కోపపడింది తనతో వాదించిన యోబు మీద కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఈ ముగ్గురి మీద. పరామర్శకు బయల్దేరే ప్రతివారూ ఆ అధ్యాయం చదివి వెళితే మంచిది.

కొత్త నిబంధనలో బేతనియ ఘట్టం అన్నిటికన్నా ముఖ్యం. లాజరు సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది. అతని సోదరీమణులు మార్త, మరియ ఇద్దరూ యేసుతో ఒకే నిష్ఠూరమాడారు: నువ్విక్కడ ఉండి ఉంటే ఇతను చనిపోయేవాడు కాదని. మార్తకు ఆయన పునరుత్థానం గురించి చెప్పాడు. మరియ ఏడుస్తుంటే చూసి తానూ ఏడ్చాడు. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని ఆయనకు తెలుసు. తెలిసీ ఏడ్చాడు. నిరీక్షణ ఉన్నవారికి కన్నీళ్ళు అక్కర్లేదనేవారికి యోహాను సువార్త 11వ అధ్యాయంలోనే జవాబుంది. సిలువ మీద ఆయన వేసిన కేక కూడా 22వ కీర్తన నుంచి తీసుకున్న విలాపమే.

పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక, 4వ అధ్యాయం 13వ వచనం భూస్థాపన ప్రసంగాల్లో అస్తమానం వినిపిస్తుంది. క్రీస్తు శకం 50 ప్రాంతంలో రాసిన ఈ పత్రిక కొత్త నిబంధనలోని తొలి రచనల్లో ఒకటి. ప్రభువు రాకడకు ముందే చనిపోయినవారి గతి ఏమిటని ఆ సంఘం బెంగపెట్టుకుంది. నిరీక్షణ లేనివారిలాగా దుఃఖపడవద్దని పౌలు రాశాడు. ఇందులో ‘లాగా’ అన్న మాటను మింగేసి ‘దుఃఖపడవద్దు’ అన్నంతవరకే చెప్పడం వల్ల ఎందరో లోపలే కుమిలిపోయారు.

చరిత్రలో కొన్ని ఘట్టాలు

తొలి క్రైస్తవులు తమ శ్మశానాలను గ్రీకులో ‘కొయిమెతేరియోన్’ అన్నారు. నిద్రించే చోటు అని దానికి అర్థం. నిద్రపోయినవాడు లేస్తాడు కాబట్టి ఆ పేరు. తెలుగు సమాధి ఫలకాల మీదా, వాట్సాప్‌లో వచ్చే మరణవార్తల్లోనూ ఈరోజుకీ కనిపించే ‘ప్రభువునందు నిద్రించెను’ అన్న మాటకు వేళ్ళు అక్కడున్నాయి.

నిస్సాకు చెందిన గ్రెగొరీ తన అన్న బసీలు మరణించిన దుఃఖంతో, చావుకు దగ్గరైన అక్క మక్రీనా దగ్గరికి వెళ్ళాడు. ఓదార్చవలసినవాడు ఓదార్పు పొందాడు. ఆత్మ గురించి, పునరుత్థానం గురించి ఆమెతో జరిగిన సంభాషణను గ్రంథంగా రాశాడు. 387లో అగస్టీను తల్లి మోనికా రోము దగ్గరి ఓస్తియా రేవులో చనిపోయింది. విశ్వాసంతో పోయిన తల్లి కోసం ఏడవడం తగదనుకుని అగస్టీను కన్నీళ్ళను బలవంతాన ఆపుకున్నాడు. స్నానం చేసినా బరువు దిగలేదు. నిద్రపోయి లేచాక, ఒంటరిగా దేవుని ముందు కట్ట తెగింది. ‘కన్ఫెషన్స్’ తొమ్మిదో పుస్తకంలో ఈ సంగతి అతనే రాసుకున్నాడు. ఏడుపును పాపమనుకునేవారు ఎవరైనా ఉంటే తనను ఎగతాళి చేయకుండా తన పాపాల కోసం ఏడవాలని కూడా అందులోనే అన్నాడు.

చనిపోయిన విశ్వాసులందరి కోసం నవంబరు 2న ప్రార్థించే ఆచారం 10వ శతాబ్ది చివర, 11వ శతాబ్ది మొదట్లో క్లూనీ మఠాధిపతి ఓదిలో వల్ల పశ్చిమ ఐరోపాలో వ్యాపించింది. 16వ శతాబ్దిలో సంస్కరణవాదులు మృతుల కోసం చేసే ప్రార్థనలను తోసిపుచ్చారు. మరణించాక ఆత్మలు శుద్ధి పొందే ‘ఉత్తరించు స్థలం’ ఉందన్న సిద్ధాంతాన్ని వాళ్ళు ఒప్పుకోలేదు. అప్పటి నుంచి ప్రొటెస్టెంటు భూస్థాపన ఆరాధన బతికున్నవారి వైపు తిరిగింది. ఆ మార్పుకు ఆద్యుడైన మార్టిన్ లూథర్ ఇంట్లోనే 1542 సెప్టెంబరులో 13 ఏళ్ళ కూతురు మాగ్దలేనా చనిపోయింది. ఆమె పరలోకం చేరినందుకు సంతోషించాలని తెలిసినా తానూ భార్యా కన్నీళ్ళు లేకుండా దేవుణ్ణి స్తుతించలేకపోతున్నామని స్నేహితుడికి రాశాడు.

తెలుగు ప్రసంగ వేదికల మీద తరచు చెప్పే కథ హొరేషియో స్పాఫర్డ్‌ది. షికాగోకు చెందిన ఈ న్యాయవాది భార్య ఆన్నా నలుగురు కూతుళ్ళతో ఐరోపాకు ప్రయాణమైంది. వాళ్ళెక్కిన ‘విల్ దు హావ్ర్’ ఓడ 1873 నవంబరు 22న అట్లాంటిక్‌లో మరో ఓడను ఢీకొని మునిగిపోయింది. 226 మంది చనిపోయారు. కూతుళ్ళు నలుగురూ పోయి తల్లి ఒక్కతే మిగిలింది. తర్వాత స్పాఫర్డ్ రాసిన గీతానికి ఫిలిప్ బ్లిస్ బాణీ కట్టి, ఆ బాణీకి మునిగిన ఓడ పేరే పెట్టాడు. మన ప్రసంగాల్లో ఈ కథ ఆయన వెంటనే గుండె దిటవు చేసుకుని పాడేసినట్టు వినిపిస్తుంది. పాట రానివారికి అది కొలబద్ద కాకూడదు.

బ్రిటిష్ రచయిత సి. ఎస్. లూయిస్ అనుభవం దానికి విరుగుడులాంటిది. 1940లో ఆయన బాధ గురించి తర్కబద్ధంగా ఒక పుస్తకం రాశాడు. 1960 జులైలో భార్య జాయ్ డేవిడ్‌మన్ క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ రోజుల్లో నోటు పుస్తకాల్లో రాసుకున్నది 1961లో ‘ఎ గ్రీఫ్ అబ్జర్వ్డ్’ పేరుతో వచ్చింది. రచయిత పేరు ఎన్. డబ్ల్యూ. క్లర్క్ అని వేశారు. తన పేరు పెట్టుకోవడానికి కూడా ఆయన సిద్ధంగా లేడు. దేవుడి మీద కోపం, అనుమానం, మళ్ళీ మెల్లగా తిరిగొచ్చిన నమ్మకం, మూడూ అందులో దాపరికం లేకుండా ఉన్నాయి.

తెలుగు సంఘాల్లో

విశాఖపట్నంలో 1805లో లండన్ మిషన్, గుంటూరులో 1842లో లూథరన్ మిషన్ పని మొదలుపెట్టాయి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో బాప్టిస్టులు పనిచేశారు. కతోలిక సంఘాలు వీటికన్నా ముందు నుంచే ఉన్నాయి. 1876-78 కరువులో ఆకలి చావుల మధ్య ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కరువు తీవ్రత తగ్గాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ జనంలో అత్యధికులు మాదిగలు. చావును అతి దగ్గరగా చూసి వచ్చినవారు. తెలుగు క్రైస్తవంలో ఓదార్పు మాటకు అంత బరువుండడానికి ఇదీ ఒక కారణమనుకోవాలి. ఊరి శ్మశానంలోకి రానివ్వని మనిషిని పేరు పెట్టి పిలిచి, పాట పాడి, ప్రార్థన చేసి పాతిపెట్టడమే అప్పట్లో ఒక ఆదరణ.

ఇప్పటి పద్ధతి సంఘానికీ సంఘానికీ కొంత మారినా మొత్తం మీద ఇలా ఉంటుంది. మరణవార్త తెలియగానే పాస్టరు గారు, సంఘ పెద్దలు వచ్చి ప్రార్థన చేస్తారు. దూరాన ఉన్న పిల్లల కోసం ఆగవలసి వస్తే భౌతికకాయాన్ని ఫ్రీజర్ బాక్సులో ఉంచుతారు. రాత్రంతా యౌవనస్థులు, స్త్రీల సమాజం వాళ్ళు హార్మోనియం, డోలక్, తాళాలతో పాటలు పాడతారు. ఇంటి దగ్గర ఆరాధన జరిపి పెట్టెను సమాధుల తోటకు తీసుకెళ్తారు. గుంటలోకి దించాక బోధకుడు మొదటి పిడికెడు మట్టి వేస్తే, తర్వాత బంధువులు వరసగా వేస్తారు. సిమెంటు సిలువ, పేరు, తేదీలు, ఒక వాక్యం రాసిన ఫలకం తర్వాతి పని.

పాటల సంగతి కొంత చెప్పుకోవాలి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంకలనంలో ప్రతి పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటి కవులు మరణాన్ని, పరలోకాన్ని కర్ణాటక బాణీల్లోకి, తెలుగు కీర్తన కట్టుబాటులోకి తెచ్చారు. చదువు రాని ముసలమ్మకు వాక్యం కన్నా ముందు గుర్తొచ్చేవి ఆ పాటలే. చావు ఇంట్లో మాట పెగలనప్పుడు పదిమంది గొంతులు కలిసి ఆ ఇంటి తరఫున పాడతాయి. ఏడుపూ పాటా ఒకదాన్నొకటి ఆపుకోకుండా సాగుతాయి. తెలుగు సంఘాల్లో విలాప కీర్తనలు బతికున్న చోటు నిజానికి ఇదే.

ఆ తర్వాత మూడో రోజో, పదకొండో రోజో, నలభయ్యో రోజో ఆదరణ కూడిక జరుగుతుంది. ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెడతారు. ఈ రోజుల ఎంపికలో చుట్టుపక్కల హిందూ ఇళ్ళలో జరిగే చిన్నదినం, పెద్దదినం ప్రభావం ఉందని కొందరు బోధకులు అభ్యంతరపెడతారు. నిజమే, ప్రభావం ఉంది. బంధువుల్లో సగంమంది ఇతర మతస్థులుగా ఉండే తెలుగు కుటుంబాల్లో అందరూ ఒకచోట చేరడానికి ఒక రోజు కావాలి కదా. కతోలికులు ఆత్మశాంతికి దివ్యబలిపూజ చేయిస్తారు, జపమాల చెబుతారు. ప్రొటెస్టెంట్లు కుటుంబం కోసం ప్రార్థిస్తారు. నవంబరు 2న సమాధుల పండుగ నాడు ఈ తేడా చాలాచోట్ల చెరిగిపోతుంది. కలుపు పీకి, సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించే కుటుంబాలతో సాయంత్రానికి తోటలు నిండిపోతాయి. ఈస్టరు తెల్లవారుజామున కూడా చాలా ఊళ్ళలో ఆరాధన సమాధుల మధ్యే మొదలవుతుంది. పునరుత్థానం గురించి అక్కడ నిలబడి వినడం వేరు.

కొవిడ్ కాలంలో ఇదంతా తలకిందులైంది. నలుగురైదుగురి సమక్షంలో, ముఖం చూడకుండా భూస్థాపనలు జరిగాయి. కూడికలు జూమ్‌కు, యూట్యూబ్ లైవ్‌కు మారాయి. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నవారికి ఆ లైవ్ అప్పటి నుంచీ అలవాటుగా మిగిలింది. తండ్రి పెట్టె మీద మట్టి వేయలేని కొడుకు ఫోన్ తెర మీద చూస్తూ కూర్చోవడం ఏ ఆరాధన క్రమమూ ఊహించని దుఃఖం. దానికి సంఘాలు ఇంకా సరైన మాటలు వెతుక్కోవలసి ఉంది.

ఆదరణ గాయమయ్యేచోట

కొన్ని మాటలు అలవాటుగా నోటికొస్తాయి. దేవుడి చిత్తమని, మంచివాళ్ళను ఆయన తొందరగా తీసుకుంటాడని, విశ్వాసం ఉంటే ఏడవకూడదని. చెప్పేవారి ఉద్దేశం మంచిదే. ఇరవై ఏళ్ళ బిడ్డను రోడ్డు ప్రమాదంలో పోగొట్టుకున్న తల్లికి అవి యోబు స్నేహితుల మాటలే. స్వస్థత ప్రార్థనలు చేయించుకుని కూడా రోగి చనిపోయినప్పుడు, మీ విశ్వాసం చాలలేదని కుటుంబం మీదికి నెట్టడం అంతకన్నా క్రూరం. భూస్థాపన ప్రసంగంలో నరకాన్ని చూపి భయపెట్టి మారుమనస్సుకు పిలుపునివ్వడం, ఆదరణ కూడికకు ఫ్లెక్సీలు, వందలమందికి భోజనాలు పెట్టించి అప్పులపాలు చేయడం కూడా సరిదిద్దుకోవలసినవే. భర్త పోయిన స్త్రీకి గాజులు తీయించి, శుభకార్యాల్లో వెనక్కి నెట్టే అలవాటు కొన్ని క్రైస్తవ ఇళ్ళలోనూ మిగిలింది. విధవరాండ్రను పరామర్శించడాన్ని నిజమైన భక్తికి గుర్తుగా యాకోబు పత్రిక చెప్పిన సంఘంలో దీనికి చోటు ఉండకూడదు.

ఆత్మహత్య చేసుకున్నవారి విషయంలో క్రైస్తవ సంఘాలు శతాబ్దాలపాటు కఠినంగా ఉన్నాయి. సంఘ మర్యాదలతో సమాధి చేయడానికి నిరాకరించాయి. 1983 నాటి కతోలిక ధర్మశాస్త్రం ఆ నిషేధాన్ని తొలగించింది. అలా మరణించినవారి రక్షణ గురించి ఆశ వదులుకోనక్కర్లేదని 1992 నాటి కతోలిక సత్యోపదేశం చెప్పింది. అప్పుల బాధతో పోయిన రైతు ఇంటి ముందు, పరీక్ష తప్పి ప్రాణం తీసుకున్న విద్యార్థి ఇంటి ముందు నిలబడే తెలుగు బోధకులందరికీ ఈ మార్పు తెలిసి ఉండాలి.

మనస్తత్వ శాస్త్రం చెప్పేది

విశ్వాసం దుఃఖంలో ఎలా పనిచేస్తుందో పరిశీలించినవారిలో అమెరికా మనస్తత్వవేత్త కెన్నెత్ పార్గమెంట్ ప్రముఖుడు. 1997లో వచ్చిన ఆయన గ్రంథం మతం కష్టాన్ని తట్టుకునే రెండు దారులను వేరుచేసి చూపింది. దేవుడు పక్కనున్నాడన్న నమ్మకం, సంఘం తోడు ఒక దారి. దేవుడు శిక్షిస్తున్నాడన్న భయం, సంఘం వదిలేసిందన్న బాధ రెండోది. మొదటిది మనిషిని నిలబెట్టే వైపు పనిచేస్తే రెండోది కుంగదీసే వైపు లాగుతుంది. చావు ఇంట్లో మనం పలికే మాటలు వినేవారిని ఈ రెంటిలో ఏదో ఒక దారి పట్టిస్తాయి.

పోయినవారితో బంధం పూర్తిగా తెంచుకుంటేనే మనిషి కోలుకుంటాడన్న పాత అభిప్రాయాన్ని 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ ప్రశ్నించారు. మారిన రూపంలో బంధం కొనసాగడం సహజమేనన్నారు. పరిశుద్ధుల సహవాసమన్న క్రైస్తవ నమ్మకానికి, నవంబరు సాయంత్రం తోటలో వెలిగే కొవ్వొత్తికి ఈ మాట దగ్గరగా ఉంది.

వైద్యం అవసరమైన దుఃఖం కూడా ఉంటుంది. ఏడాది దాటినా రోజువారీ పనులు సాగనివ్వనంత తీవ్రంగా ఉండే శోకాన్ని 2022లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన వ్యాధుల జాబితాలో ‘దీర్ఘకాలిక శోక రుగ్మత’గా చేర్చింది. దాన్ని అవిశ్వాసమనడం తప్పు. డాక్టరు దగ్గరికి వెళ్ళడం ప్రార్థన మానేయడం కాదు. మన దేశంలో 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలిమానస్ నంబరు 14416. సంఘం నోటీసు బోర్డు మీద ఆ నంబరు కూడా రాసి పెట్టవచ్చు.

భూస్థాపన నాడు వందలమంది వస్తారు. ఆదరణ కూడికకు కుర్చీలు చాలవు. నలభై రోజులు దాటాక ఆ వీధిలోకి వెళ్ళేవారు తగ్గిపోతారు. నిద్ర పట్టని రాత్రులు, మొదటి క్రిస్మస్, పుట్టినరోజు, మంచం మీద ఖాళీగా మిగిలిన సగం, ఇవన్నీ అప్పుడే మొదలవుతాయి. మీ సంఘంలో ఈ ఏడాది దుఃఖంలో ఉన్న ఇల్లు ఏదో మీకు తెలిసే ఉంటుంది. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఆ ఇంటికి వెళ్ళి, పోయినవారి పేరు తలచి, వాళ్ళు చెప్పేది వింటూ కాసేపు కూర్చోండి.